తమ్ముడి స్కాన్‌లో రింగ్ కనిపించింది: పురుగా, టీబీనా?

మీ తమ్ముడి మెదడు స్కాన్‌లో ఉంగరంలాంటి గుండ్రటి మచ్చ (రింగ్) కనిపించిందని, పుట్టు శాకాహారి అయిన అతని మెదడులోకి పంది మాంసం పురుగు ఎలా వచ్చిందని, ఒక డాక్టరు పురుగుని చంపే ఆల్బెండజోల్ అంటే ఇంకొకరు టీబీ మందులంటున్నారని అడిగారు.

సరిగా ఉడకని పంది మాంసం తింటే పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడుకు చేరేది మాత్రం ఆ పురుగున్న మనిషి మలంలో బయటికొచ్చే గుడ్ల నుంచి. వంట చేసేవాళ్లు చేతులు సరిగా కడగకపోయినా, మురుగునీటితో పెంచిన కొత్తిమీర పచ్చిగా తిన్నా చాలు. అందుకే ఇంట్లో అందరికీ, వంటమనిషితో సహా, మలపరీక్ష చేయించండి.

ఇక స్కాన్ సంగతి. రిపోర్టులో చివరి వాక్యం ఒక్కటే చదివి ఊరుకోకండి, రింగ్ సైజు ఎంతో చూడండి. 20 మిల్లీమీటర్ల లోపుండి, అంచు నున్నగా ఉండి, మెదడు మధ్యగీత పక్కకి జరగకపోతే పురుగు తిత్తి (పురుగు పిల్ల ఉండే చిన్న నీటిసంచి) అయ్యే అవకాశమే ఎక్కువ. రింగ్ లోపల ఓ పక్కగా చిన్న చుక్క కనిపిస్తే అది పురుగు తల, ఇక దాదాపు అనుమానం అక్కర్లేదు. టీబీ గడ్డ సాధారణంగా ఇంతకన్నా పెద్దది, అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, చుట్టూ వాపు ఎక్కువ. రోజురోజుకీ చెయ్యి, కాలు బలహీనపడుతున్నా, జ్వరం, బరువు తగ్గడం ఉన్నా టీబీ వైపే చూడాలి. మన దేశంలో మాంటూ (టీబీకి చేసే చర్మపరీక్ష) పాజిటివ్ చాలామందికి వస్తుంది, దాన్ని బట్టే నెలల తరబడి టీబీ మందులు మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. అలాగే, తిత్తి ఒకటే ఉన్నప్పుడు పురుగు కోసం చేసే రక్తపరీక్ష నెగటివ్ వచ్చినా పురుగు లేదని కాదు.

చికిత్సలో వరుస ముఖ్యం. ఈ తిత్తి వల్ల ఫిట్స్ వస్తాయి కాబట్టి ముందు ఫిట్స్ మందు. తర్వాత కంటి డాక్టరు దగ్గర రెటీనా పరీక్ష: కంట్లోనూ తిత్తి ఉంటే, మందుకి అది చచ్చి వాచినప్పుడు చూపే పోవచ్చు. ఆ తర్వాత స్టెరాయిడ్, దాని వెనకే ఆల్బెండజోల్. పురుగు చస్తున్నప్పుడు చుట్టూ మెదడు వాస్తుంది, స్టెరాయిడ్ లేకపోతే తలనొప్పి, ఫిట్స్ ఎక్కువవుతాయి. ఆల్బెండజోల్ మోతాదు రోజుకి కిలోకి 15 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. 54 కిలోల మనిషికి పొద్దున 400, రాత్రి 400. ఇలా ఒకే రింగ్ ఉన్నప్పుడు రోజుకి 800 దాటకుండా, 7 నుంచి 14 రోజులు ఇస్తారు. ఖాళీ కడుపున వేస్తే మందు సరిగా ఒంటబట్టదు, నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేయాలి. ఫిట్స్ మందుల్లో ఫెనిటోయిన్, కార్బమజెపిన్ వాడుతుంటే రక్తంలో ఆల్బెండజోల్ తగ్గుతుంది, ఆ సంగతి డాక్టరుకి గుర్తు చేయండి, మీరుగా ఏదీ మానొద్దు.

బడిలో నులిపురుగులకిచ్చే మాత్ర ఇదే కదా అని సొంతంగా మింగడం ప్రమాదం. మెదడంతా తిత్తులతో నిండి వాచినా, నీరు చేరి ఒత్తిడి పెరిగినా ఈ మందు ప్రాణం మీదికి తేవచ్చు. అలాంటివాళ్లకి ముందు ఆ ఒత్తిడి తగ్గించాలి. సున్నంలా గట్టిపడిన చుక్కలు మాత్రమే ఉంటే పురుగు ఎప్పుడో చచ్చినట్టే, ఫిట్స్ మందు తప్ప ఇంకేం అక్కర్లేదు.

ఆరు నెలలకి మళ్లీ స్కాన్ తీయించండి. రింగ్ పూర్తిగా మాయమై, మధ్యలో ఫిట్స్ రాకపోతే ఫిట్స్ మందు మెల్లగా తగ్గించడం గురించి న్యూరాలజిస్టుని అడగొచ్చు. గట్టి చుక్క మిగిలితే ఇంకా ఎక్కువ కాలం వాడాల్సి రావచ్చు.