టెక్ సందేహాలు: రిలీజ్ అంటే శనివారం జాగారమేనా?

ప్రశ్న: అనంతపురంలో మాది నలుగురు పనిచేసే చిన్న ఆఫీసు. చీనీ (బత్తాయి) మండీలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఆండ్రాయిడ్ యాప్ చేసిస్తాం. మూడు నెలల మార్పులన్నీ కలిపి ఓ శనివారం రాత్రి రిలీజ్ చేస్తాం. ఆదివారమంతా ఫోన్లే. ఈ టెన్షన్ పడలేక, ఇక ఆరు నెలలకోసారి చేద్దామంటున్నాడు మా పార్ట్‌నర్. మంచిదేనా?

జవాబు: వద్దు. తిట్లు తినే రోజులు సగమవుతాయి గానీ, ఆ రోజు పడే తిట్లు రెట్టింపవుతాయి. నలభై మార్పులు ఒకేసారి వదిలాక బిల్లు తప్పొస్తే, ఏ మార్పుతో తప్పొచ్చిందో వెతకడానికే రోజు చాలదు. ఒకటో రెండో మార్పులైతే ఎక్కడ చూడాలో ముందే తెలుస్తుంది. వారానికోసారి, వారం మధ్యలో, వేలం రద్దీ తగ్గాక, నలుగురూ ఆఫీసులో ఉన్నప్పుడు రిలీజ్ చేయండి.

అయితే వారం వారం చేత్తో ఫైళ్లు కాపీ చేస్తే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. ఆ పని స్క్రిప్టుకు, అంటే ఆ మెట్లన్నీ తనంతట తానే వరుసగా చేసే చిన్న ప్రోగ్రామ్‌కు అప్పగించండి. అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థ 2012లో 8 సర్వర్లలో కొత్త కోడ్ పెడుతూ ఒకదాన్ని మరిచిపోయింది. ఆగస్టు 1న ఆ ఒక్కదాంట్లో ఎప్పుడో వాడటం మానేసిన కోడ్ పనిచేయడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

టెస్టులు లేకపోతే పాత బిల్లులు ఓ ఇరవై తీసుకోండి. ప్రతి రిలీజ్‌కు ముందు వాటి మొత్తాలు పైసాతో సహా అవే వస్తున్నాయా లేదా ప్రోగ్రామే చూసుకోవాలి.

అసలు చిక్కు డేటాబేస్‌తో. సూటును (తరుగు కింద తూకంలో తీసేసే బరువును) ఇప్పటిదాకా కిలోల్లో రాస్తున్నారు, ఇక శాతంలో రాయాలనుకున్నారనుకుందాం. పాత కాలమ్‌ను మార్చేస్తే, అప్‌డేట్ చేసుకోని ఫోన్ల నుంచి వచ్చే బిల్లులు ఆగిపోతాయి. అందుకే ఈ వారం పక్కన కొత్త కాలమ్ చేర్చి ఊరుకోండి. వచ్చే వారం రెండింట్లోనూ రాయించండి. పాత లెక్కలు కొత్తదాంట్లోకి ఎక్కించి, పాత యాప్ ఎవరూ వాడట్లేదని లాగ్‌లో (సర్వర్ రాసుకునే చిట్టాలో) చూసుకున్నాకే పాతది తీసేయండి. నెలన్నర పట్టినా పట్టనివ్వండి.

యాప్ అప్‌డేట్‌ను ప్లే స్టోర్‌లో ముందు 5 శాతం మందికే పంపవచ్చు. తేడా వస్తే ఆపవచ్చు. కానీ అప్పటికే ఫోన్లలోకి వెళ్లింది వెనక్కి రాదు, పాతదానికంటే పెద్ద వెర్షన్ కోడ్ (యాప్ వెర్షన్‌కు ఇచ్చే నంబరు)తో మరో అప్‌డేట్ పంపాల్సిందే. కాబట్టి కొత్త ఫీచర్‌ను ఆఫ్‌లో ఉంచి పంపి, సర్వర్ నుంచి ఆన్ చేసేలా పెట్టుకోండి. మొదట మీతో చనువున్న ఒకట్రెండు మండీలకు ఆన్ చేయండి. తిట్టినా ప్రేమగా తిడతారు.

ప్రశ్న: నాదీ, నా ఫ్రెండ్‌దీ ఒకే మోడల్ ఐఫోన్. ఒక యాప్ అప్‌డేట్ అతనికి వచ్చింది, నాకు రాలేదు. ఫోన్‌లో లోపమా? (కడప)

జవాబు: లోపం కాకపోవచ్చు. డెవలపర్ కోరుకుంటే ఆపిల్ ఆటోమేటిక్ అప్‌డేట్‌ను 7 రోజులపాటు విడతలుగా పంపుతుంది. మొదటి రోజు 1 శాతం మందికి, తర్వాత 2, 5, 10, 20, 50, చివరకు 100. తొందరైతే యాప్ స్టోర్‌లో ఆ యాప్ పేజీ తెరిచి మీరే అప్‌డేట్ నొక్కవచ్చు. అర్జంటు లేకపోతే ఆగండి, బగ్గులుంటే ఈలోగా మీ ఫ్రెండ్ కనిపెట్టి చెబుతాడు.