మోకాలి ఆపరేషన్‌కు ఏ మత్తు మంచిది? స్టడీ కాగితం మీద సంతకం పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఆదోని. అమ్మకు 69 ఏళ్ళు, బీపీ, షుగర్ ఉన్నాయి. కర్నూలులో కుడి మోకాలు మార్చే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం. నడుముకు ఇంజెక్షన్ ఇచ్చి, పైన కొంచెం నిద్రమత్తు ఇస్తామన్నారు. నడుముకు సూది వేస్తే జన్మంతా నడుమునొప్పి అని చుట్టుపక్కల వాళ్ళు అంటున్నారు. ఫుల్ మత్తు అడుగుదామంటే, నిరుడు మా పెద్దమ్మకు తుంటి విరిగి ఫుల్ మత్తులో ఆపరేషన్ చేస్తే మూడు రోజులు మమ్మల్నే గుర్తుపట్టలేదు. దీనికితోడు ఒక పీజీ డాక్టరు వచ్చి, పెద్దవాళ్ళకు నిద్రమత్తు ఎంత ఇస్తే మంచిదో తెలుసుకోవడానికి స్టడీ చేస్తున్నాం, అమ్మను చేర్చుకుంటాం, సంతకం పెట్టమని నన్ను అడిగాడు. మా మీద ప్రయోగాలు చేస్తున్నారా అని టెన్షన్‌గా ఉంది. అమ్మ బీపీ, షుగర్ మాత్రలు తప్ప వేరే ఏమీ వాడదు, రాత్రిపూట నిద్రకు ఒక చిన్న మాత్ర మాత్రం వేసుకుంటుంది.
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీరు అడిగినవాటికి వస్తాను గానీ, ముందు మీరు అడగని దాని గురించి మాట్లాడాలి. చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారే, ఆ నిద్రమాత్ర, నాకు కంగారు పుట్టించింది అదే. పేరు రాయలేదు కానీ మన వైపు చిన్న నిద్రమాత్ర అంటే చాలావరకు ఆల్ప్రజోలమే అయి ఉంటుంది. ఎప్పుడో ఒక డాక్టరు పది రోజులకు రాసిస్తారు, ఆ పాత చీటీ చూపించి కొన్నాళ్ళు, తర్వాత చీటీ కూడా లేకుండా ఏళ్ళ తరబడి మెడికల్ షాపులో తెచ్చుకుంటూ ఉంటారు, వాళ్ళ లెక్కలో అది మందే కాదు. ఆపరేషన్‌కు ముందు మా మత్తు డాక్టర్ల దగ్గరికి పీఏసీకి పంపినప్పుడు, అదే, ఫిట్‌నెస్ చూడడానికి, "ఏమేం మాత్రలు వాడుతున్నావమ్మా" అంటే "బీపీకి ఒకటి, షుగర్‌కు రెండు" అని ఆగిపోతారు. "నిద్ర పడుతోందా" అంటే "బాగా పడుతుంది సార్". మాత్ర వేసుకుంటే పడక ఏం చేస్తుంది!

రోజూ అలవాటైన ఆ మాత్ర ఆసుపత్రిలో చేరగానే ఎవరికీ తెలియకుండా ఆగిపోతుంది, ఎందుకంటే కేస్ షీటులో అది లేదు. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, లేని మనుషులు కనిపించడం, ఒక్కోసారి ఫిట్స్ కూడా. అప్పుడు ఇంట్లోవాళ్ళు మత్తు ఎక్కువైందంటారు. ఇంకో వైపు, రాత్రి ఆ మాత్ర వేసుకుని వచ్చిన పెద్దావిడకు, ఆ సంగతి తెలియక, మేం మామూలు మోతాదులో నిద్రమత్తు ఇస్తే ఊపిరి తీసుకోవడం మందగించవచ్చు. కాబట్టి దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు, దాచొద్దు. మాత్రల అట్టతో సహా పీఏసీకి తీసుకెళ్ళి మత్తు డాక్టరు చేతిలో పెట్టండి, కొనసాగించాలా, మెల్లగా తగ్గించాలా అన్నది వాళ్ళు చూసుకుంటారు. అలాగే షుగర్ మాత్రల్లో డాపాగ్లిఫ్లోజిన్ లాంటిది ఉంటే దాన్ని ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపించాల్సి ఉంటుంది, షుగర్ అంకె మామూలుగా కనిపిస్తూనే రక్తంలో ఆమ్లం పెరిగిపోయే ప్రమాదం దానితో ఉంది. అడక్కపోయినా అడిగి తెలుసుకోండి.

ఇక నడుము ఇంజెక్షన్. మన వెన్నుపాము పెద్దవాళ్ళలో నడుము పైభాగంలో, మొదటి రెండో నడుము పూసల దగ్గరే ముగిసిపోతుంది, మేం సూది వేసేది దానికి కింద, మామూలుగా మూడు నాలుగు పూసల మధ్య. అక్కడ ఉండేది నీళ్ళలో వేలాడే నరాల పోగులు. సూది కూడా చాలా సన్నం. గుచ్చిన చోట కండరం రెండు మూడు రోజులు నొప్పి పెట్టొచ్చు, కొందరికి లేచి కూర్చుంటే తలనొప్పి రావచ్చు, అది కూడా వయసు మళ్ళినవాళ్ళలో తక్కువే. జన్మంతా నడుమునొప్పి అనేదానికి మాత్రం ఆధారం లేదు. కాన్పు నొప్పులకు వేసే ఎపిడ్యూరల్ సూది దీనికంటే లావుది. దాన్ని వేయించుకున్నవాళ్ళనూ, వేరే పద్ధతుల్లో నొప్పి తగ్గించుకున్నవాళ్ళనూ బ్రిటన్‌లో రెండేళ్ళకు పైగా గమనించి 2002లో ఫలితం ప్రచురించారు, నడుమునొప్పిలో రెండు గుంపులకూ తేడా లేదు. నిజం చెప్పాలంటే మోకాళ్ళు అరిగి ఏళ్ళ తరబడి వంకరగా నడిచిన మనిషికి నడుమునొప్పి ముందునుంచే ఉంటుంది, ఆపరేషన్ తర్వాత ఆ నింద సూది మీద పడుతుంది.

మీ పెద్దమ్మగారి సంగతి వేరు, దాన్ని కొట్టిపారేయను. పెద్ద ఆపరేషన్ తర్వాత వయసు మళ్ళినవాళ్ళు ఒకటి నుంచి మూడు రోజుల్లో అయోమయంలో పడడాన్ని డెలీరియం అంటాం. పగలు బాగానే ఉంటారు, పొద్దుగూకేసరికి సెలైన్ పీకేస్తారు, "ఇంటికి పోదాం పా" అంటారు, కన్నకొడుకునే ఎవరు నువ్వు అంటారు. గాలి సోకిందని తాయెత్తులు కట్టించినవాళ్ళనూ చూశాను. చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది, మీ పెద్దమ్మగారికి సర్దుకున్నట్టే. కానీ అది ఫుల్ మత్తు వల్లే వచ్చిందని ఎలా చెబుతాం? మాకూ చాలాకాలం ఆ అనుమానమే ఉండేది. అమెరికా, కెనడాల్లో 46 ఆసుపత్రుల్లో, తుంటి విరిగిన 50 ఏళ్ళు పైబడిన 1,600 మందిని తీసుకుని, సగం మందికి నడుముకు, సగం మందికి ఫుల్ మత్తు ఇచ్చి చూసి 2021లో ఫలితం బయటపెట్టారు. డెలీరియం నడుముకు ఇచ్చినవాళ్ళలో 20.5 శాతం, ఫుల్ మత్తులో 19.7 శాతం. 60 రోజుల తర్వాత చనిపోయినవాళ్ళు, ఇంకొకరి సాయం లేకుండా గది అవతలికి నడవలేకపోయినవాళ్ళు కలిపి అదే వరుసలో 18.5, 18.0 శాతం. చైనాలో 65 దాటిన 950 మందిలో చూస్తే డెలీరియం అదే వరుసలో 6.2, 5.1 శాతం. అంటే రెండు చోట్లా చెప్పుకోదగ్గ తేడా లేదు, మా పాత నమ్మకం నిలబడలేదు. తుంటి విరిగినప్పుడు నొప్పి, రక్తం పోవడం, మంచంలో కదలలేకపోవడం, ఇవన్నీ కలిసి మెదడును అల్లాడిస్తాయి. ముందే ప్లాన్ చేసుకుని చేయించుకునే మోకాలికి ఆ ముప్పు తక్కువ.

సరే, నడుముకు ఇచ్చాక పైన ఇచ్చే నిద్రమత్తు లోతు ఎంత ఉండాలి? పీజీ డాక్టరు అడుగుతున్నది ఇదే కదా. ఇదింకా తేలని విషయం. అమెరికాలో 65 దాటిన 200 మంది తుంటి రోగుల మీద చేసిన స్టడీ 2018లో వచ్చింది. గాఢంగా నిద్రపుచ్చినవాళ్ళలో 39 శాతానికి, తేలికగా ఇచ్చినవాళ్ళలో 34 శాతానికి డెలీరియం వచ్చింది, అంత చిన్న తేడా కాకతాళీయం కూడా కావచ్చు. కానీ వేరే జబ్బులేవీ లేనివాళ్ళను విడిగా చూస్తే గాఢమైన మత్తు వాళ్ళకు చెడు చేసినట్టే కనిపించింది. ఫుల్ మత్తులో, నుదుటికి పట్టీ అంటించి మెదడు తరంగాలను చూస్తూ మోతాదు సరిచేస్తే మంచిదా అని అడిగిన స్టడీల్లోనూ ఒకటి అవునంటే ఒకటి కాదంది. డాక్టర్లకే తెలియదు కాబట్టే స్టడీ, తెలిసిపోయిన దాని మీద ఎవరూ చేయరు, స్టడీలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ చేయనివ్వదు కూడా.

"నా అనుభవంలో" అనే మాట ఎంత దూరం తీసుకెళ్తుందో మన పక్కనే ఒక ఉదాహరణ ఉంది. హైదరాబాదులో ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్, ఊపిరి గమనిస్తూ ఇస్తే, అప్పట్లో మత్తుకు వాడే క్లోరోఫారం గుండెను ఏమీ చేయదని గట్టిగా వాదించేవాడు. నిజాం డబ్బు ఇస్తే 1888, 1889ల్లో రెండు కమిషన్లు కూర్చుని జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి ఆయన మాటే ఖాయం చేశాయి. 1911లో గుడ్‌మన్ లెవీ అనే డాక్టరు, క్లోరోఫారం తేలికపాటి మోతాదులోనే గుండె లయను ఒక్కసారిగా చెడగొట్టి ఆపేయగలదని చూపించాడు. ఈలోపు అది ఎంతమందికి ఇచ్చి ఉంటారో!

మెడికల్ కాలేజీలో ఎండీ చదివే ప్రతి పీజీ థీసిస్ చేయాల్సిందే, మీ దగ్గరికి వచ్చినది బహుశా అలాంటి స్టడీ. మీ అమ్మగారికి తేలిక మత్తు రావాలా, కొంచెం గాఢమైనది రావాలా అన్నది చీటీ తీసినట్టు కంప్యూటరు తేలుస్తుంది, రెండూ మేం రోజూ ఇచ్చే పద్ధతులే అయి ఉంటాయి. అయితే నాకు నచ్చనిది ఒకటుంది. సంతకం మిమ్మల్ని అడగడమేమిటి? మీ అమ్మగారు స్పృహలో ఉన్నారు, ఆలోచించగలరు, మోకాలు ఆవిడది. ఆవిడకు తెలుగులో చదివి వినిపించాలి, చదువు రాకపోతే ఆ స్టడీతో సంబంధం లేని సాక్షి ఎదుట వివరించి వేలిముద్ర తీసుకోవాలి. ఆపరేషన్ కాగితం మీద పెట్టే సంతకం వేరు, స్టడీ కాగితం మీద పెట్టేది వేరు, రెండూ ఒకే కట్టలో పెట్టి ఇస్తే విడదీసి అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, సీటీఆర్ఐలో, అంటే మన దేశంలో జరిగే ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీలో, నమోదు నంబరు ఎంత (2009 నుంచి ఇలాంటి ట్రయల్స్‌కు ఇది తప్పనిసరి, ఎవరైనా ఆన్‌లైన్‌లో వెతికి చూసుకోవచ్చు), స్టడీ వల్ల ఏమైనా జరిగితే వైద్యం ఖర్చు ఎవరిది, ఏ ఫోన్ నంబరుకు చేయాలి అని అడిగి, సంతకం పెట్టిన కాగితం కాపీ ఒకటి తీసుకోండి. చేరాక కూడా ఎప్పుడైనా వద్దనొచ్చు, వద్దన్నందుకు వైద్యంలో తేడా చూపించకూడదు. ఆ పీజీ ఓపికగా జవాబులు చెబితే, మా అమ్మయితే చేరమనే అంటాను. విసుక్కుంటే వద్దని చెప్పి రండి, ఏ నష్టమూ లేదు.

మత్తు ఏ రకమైనా, ఆపరేషన్ తర్వాత మీరు చేయగలిగినది ఎక్కువే. స్పృహ రాగానే కళ్ళద్దాలు, వినికిడి మిషన్ ఉంటే అది, పెట్టుడు పళ్ళు వెంటనే ఇచ్చేయండి. సగం అయోమయం సరిగ్గా కనపడక, వినపడకే. రాత్రికి తెలిసిన మనిషి ఒకరే పక్కన ఉండాలి, పదిమంది పరామర్శ వద్దు. నొప్పి ఉంటే ఓర్చుకోమని చెప్పకండి, అణచుకున్న నొప్పి కూడా డెలీరియానికి దారి తీస్తుంది. గాజువారిపోయినట్టు కదలక మెదలక పడుకుని ఉంటే, బాగా నిద్రపోతోందిలే అని వదిలేయకుండా సిస్టర్‌కు చెప్పండి, డెలీరియం గొడవ చేయకుండా అలా కూడా వస్తుంది.

వక్కాకు, గుట్కా అలవాటు ఉంటే అదీ చెప్పాలి. నోరు సరిగా తెరుచుకోకపోతే, అవసరం పడినప్పుడు గొంతులో గొట్టం వేయడం మాకు కష్టం.

కడుపు సంగతి. తేలికపాటి టిఫిన్‌కు 6 గంటలు, నూనె వస్తువులకు, మాంసానికి 8 గంటలు ఖాళీ ఉండాలి, మంచినీళ్ళు 2 గంటల ముందువరకు సాధారణంగా తాగనిస్తాం. పాలు పోసిన టీ, కాఫీ నీళ్ళ లెక్కలోకి రావు. బస్సు దిగి, నీరసం వస్తుందని ఉగ్గాని బజ్జీ తినిపించి తీసుకొస్తే ఆపరేషన్ వాయిదా వేయక తప్పదు, మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని ముందురోజు రాత్రి నుంచి చుక్క నీరు లేకుండా ఎండగట్టడమూ షుగర్ ఉన్న పెద్దావిడకు మంచిది కాదు. పొద్దున 8కి అని చెప్పి 11 దాటాక లోపలికి తీసుకెళ్ళడం ఎక్కడైనా ఉండేదే, కాబట్టి నీళ్ళు ఎన్ని గంటలదాకా తాగొచ్చో, పొద్దున ఏ మాత్ర వేయాలో ఏది మానాలో, ముందురోజే మత్తు డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.