స్పానిష్ క్రియల్లో ఊనిక ఎక్కడ?

సందేహం: స్పానిష్ నేర్చుకుంటూ మాటల్ని తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. ‘మాట్లాడతాను’, ‘మాట్లాడింది’ అనే రెండు అర్థాలకూ ‘హబ్లో’ అనే రాయాల్సి వస్తోంది. తేడా ఎలా చూపాలి? అక్షరాలను ఎక్కడ విరవాలి?

సమాధానం: ముందు ఆ ‘హ’ తీసేయండి. అక్కడ దాన్ని రాస్తారే గాని పలకరు. తెలుగులో ‘పడు’, ‘పాడు’ల అర్థం మార్చేది దీర్ఘం. స్పానిష్‌లో హ్రస్వదీర్ఘాల భేదం లేదు, ఆ పని ఊనికది, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడానిది. కాబట్టి దీర్ఘాన్ని ఊనిక గుర్తుగా వాడుకోండి: ‘ఆబ్లొ’ అంటే మాట్లాడతాను, ‘అబ్లో’ అంటే మాట్లాడింది. అయితే రెండు మాత్రలు సాగదీయకండి, గొంతు కాస్త పెంచితే చాలు.

మాట అచ్చుతోగానీ న్, స్‌లతోగానీ ముగిస్తే ఊనిక చివరి నుంచి రెండో అక్షరం మీద, మరే హల్లుతో ముగిసినా చివరిదాని మీద. ఈ సూత్రం తప్పిన చోట అచ్చు మీద గీత పెడతారు. న్, స్‌లకు ఈ మినహాయింపు క్రియలకు బాగా కలిసొస్తుంది: అవి పురుష ప్రత్యయాలు, ‘ఆబ్లస్’ (మాట్లాడతావు), ‘ఆబ్లన్’ (మాట్లాడతారు) అన్నా ఊనిక కదలదు. కదిలితే అర్థమే మారుతుంది. ‘అబ్లరాన్’ భవిష్యత్తు, ‘అబ్లారన్’ అయితే ‘వాళ్లు మాట్లాడితే’ వంటి చోట వచ్చే రూపం.

విరుపు దగ్గర మన లిపి మోసం చేస్తుంది. ‘కన్తార్’ (పాడటం)లో ‘న్తా’ ఒక్క ముద్దగా కనిపిస్తుంది, విరుపు మాత్రం కన్-తార్. ‘అబ్లార్’ మాత్రం అ-బ్లార్: ప, బ, క, గ, ఫల తర్వాత ల, ర వస్తే ఆ జంట విడదు. త, దల తర్వాత ర కూడా అంతే. ఛందస్సు అలవాటుతో ముందున్న ‘అ’ను గురువు చేసి, ‘పత్రం’ను ‘పత్-త్రం’ అన్నట్టు ‘అబ్-బ్లార్’ అనకండి.

విరుపు వేరు, నిర్మాణం వేరు. ‘అబ్లాబమొస్’ (మాట్లాడుతుండేవాళ్లం) పలకడంలో అ-బ్లా-బ-మొస్. కట్టుబడిలో అబ్ల్-ఆ-బ-మొస్: ధాతువు, దాని వర్గం తెలిపే అచ్చు, కాలం, పురుష. మన ‘చెప్పాను’ కూడా పలికితే చెప్-పా-ను, విడదీస్తే చెప్పు-ఆ-ను.

చాలామంది బట్టీ పట్టే అచ్చు మార్పుల కిటుకూ ఊనికలోనే ఉంది. ‘పొదేర్’ (చేయగలగడం)లో ఊనిక ధాతువు మీద పడితే ‘ప్వేదొ’ (చేయగలను), ప్రత్యయం మీదికి జరిగితే ‘పొదేమొస్’ (చేయగలం). ‘ప్యేన్సొ’ (ఆలోచిస్తాను), ‘పెన్సామొస్’ (ఆలోచిస్తాం) కూడా ఇంతే. ‘కొమేర్’ (తినడం) మారదు: ‘కోమొ’. ఏ ధాతువు మారుతుందో గుర్తుపెట్టుకోవాల్సిందే, ఎక్కడ మారుతుందో ఊనికే చెబుతుంది.

‘దీగ’ (చెప్పండి)కి ‘మె’ (నాకు), ‘లొ’ (దాన్ని) తగిలించినా ఊనిక మొదటి చోటు వదలదు: ‘దీగమెలొ’. ఇప్పుడది చివరి నుంచి నాలుగో అక్షరం కాబట్టి, అంతకుముందు లేని గీత స్పానిష్ రాతలో కొత్తగా వచ్చి చేరుతుంది.