ఆ కాలంలో పిల్లిని ప్రేమగా పెంచుకునేవారా?

15వ శతాబ్దపు ఐరోపాలో నడిచే నవలలో, పుస్తకాలకు నకళ్లు రాసే లేఖకుడికి పిల్లిని తోడుగా పెట్టవచ్చా, అప్పట్లో ఎలుకల కోసం తప్ప పిల్లిని ఎవరైనా చేరదీశారా అని అడిగారు. నిక్షేపంగా పెట్టండి. ఈ ప్రశ్న నన్నూ వేధించింది.

అలాంటి లేఖకుడి కథే నేనూ రాసి ఒక పత్రికకు పంపాను. పిల్లి ఉన్న పేరాలన్నీ కొట్టేసి, పక్కన ‘ఈ మురిపాలు మన కాలంవి’ అని రాసి తిప్పి పంపారు. మనసు చివుక్కుమన్నా, పిల్లి లేకుండా తిరగరాయడానికి కూర్చున్నాను. నేను సిరా కలంతోనే రాస్తాను. ఆ రాత్రి మా పిల్లి బల్ల మీదికెక్కి, సిరాబుడ్డి మూతలో కాలు పెట్టి, రాసిన కాగితం మీదుగా నింపాదిగా నడిచి వెళ్లింది. మొదటి ముద్ర ఉత్త సిరా ముద్ద. రెండోదానిలో నాలుగు వేళ్లూ, వాటి వెనుక మెత్తటి దిండూ విడివిడిగా పడ్డాయి. నాలుగోది మసక.

కొన్నాళ్లకు క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్‌లో భద్రపరిచిన 15వ శతాబ్దపు రాతప్రతి ఫొటో చూశాను. రాసిన పుటల మీద అచ్చం అవే అడుగులు! నా కళ్లు చెమర్చాయి. పని మధ్యలో పిల్లిని దగ్గరికి రానిచ్చిన మనిషి లేకపోతే ఆ ముద్రలు ఎలా పడతాయి?

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో 1420 ప్రాంతంలో ఒక లేఖకుడి పుస్తకం మీద రాత్రివేళ పిల్లి మూత్రం పోసింది. అతను ఆ చోటు ఖాళీగా వదిలి, పిల్లి బొమ్మ గీసి, లాటిన్‌లో దాన్ని శపించాడు. కానీ చివరికి ఇచ్చిన హెచ్చరిక చూడండి: పిల్లులు వచ్చే చోట రాత్రిపూట పుస్తకాలు తెరిచి ఉంచవద్దన్నాడు. పిల్లిని తరిమేయమనలేదు. పిల్లితో కాపురం చేసినవారికే తెలిసే మాట అది.

పనికి పెట్టుకున్నంత మాత్రాన ప్రేమ ఉండదన్న వాదన నాకు మింగుడుపడదు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ కెథడ్రల్ అనే పెద్ద చర్చి లెక్కల్లో 1305 నుంచి 1467 వరకు పిల్లి పోషణకు వారానికి ఒక పెన్నీ చొప్పున రాశారు. అది ఎలుకలు పట్టే పిల్లే, కావచ్చు. 9వ శతాబ్దపు ఐరిష్ సన్యాసి పిల్లి పాంగుర్ కూడా ఎలుకలనే వేటాడింది. అది ఎలుకను పట్టినట్టే తాను కఠినమైన అర్థాన్ని పట్టుకుంటున్నానని, ఒకరి పనికి ఒకరు అడ్డురామని అతను కవిత రాశాడు. ఇంతకన్నా సహవాసం ఏం కావాలి?

మన చారిత్రక రచయితల మీద నా అసలు కోపం వేరే ఉంది. వీరుడికి గుర్రం, వేటగాడికి కుక్క, పిల్లి మాత్రం మంత్రగత్తెకే! పైగా పోప్ 1233లో ఒక లేఖ రాసి పిల్లుల్ని చంపమన్నాడని, అందుకే ఎలుకలు పెరిగి ప్లేగు చెలరేగిందని కథల్లో అలవోకగా రాసేస్తారు. ఆ లేఖలో మతభ్రష్టుల పూజల వర్ణనలో నల్ల పిల్లి వస్తుంది గాని, చంపమన్న ఆజ్ఞ ఎక్కడా లేదు. దయచేసి మీరు అది రాయకండి.

ఇంకొకటి, మీ లేఖకుడికి సయామీ పిల్లిని ఇవ్వకండి. అవి థాయ్‌లాండ్ నుంచి ఐరోపాకు చేరింది 19వ శతాబ్దంలో. బూడిదరంగు చారల పిల్లి చాలు. పగలంతా కిటికీ దగ్గర ఎండలో పడుకోనివ్వండి, రాత్రి బయటికి పోనివ్వండి. నేను నా కథలో పిల్లి పేరాలన్నీ మళ్లీ చేర్చేశాను. సిరా అడుగులున్న కాగితం బల్ల సొరుగులోనే ఉంది.