నీలం నుంచి పసుపుకు గ్రేడియంట్ ఇస్తే మధ్యలో బూడిద రంగు ఎందుకొస్తుంది?

మీరడిగిన రెండూ, అంటే నీలం-పసుపు గ్రేడియంట్ (ఒక రంగు మెల్లగా మరో రంగులోకి మారే నేపథ్యం) నడుమ బూడిద రంగు రావడం, పేజీ కింద రంగులు మళ్లీ మొదటికి రావడం, దుకాణాలకు వెబ్‌సైట్లు చేసే పనిలో నాకు తరచూ ఎదురయ్యేవే.

బూడిద రంగు మీ కోడ్‌లో తప్పు వల్ల రావడం లేదు. లెక్కే అలా ఉంది. బ్రౌజర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను (ఒక్కోటి 0 నుంచి 255 వరకు) దేనికది తీసుకుని ఈ చివర నుంచి ఆ చివరకు సమానంగా మార్చుకుంటూ పోతుంది. నీలం అంటే 0, 0, 255. పసుపు అంటే 255, 255, 0. సరిగ్గా నడుమకు వచ్చేసరికి మూడు పాళ్లూ 128 దగ్గర కలుస్తాయి. మూడూ సమానమైతే వచ్చేది బూడిదే. ఎరుపు-సయాన్, మెజెంటా-ఆకుపచ్చ జంటలకూ ఇదే గతి.

నాకు బాగా నచ్చే మార్గం, నడిమి రంగులను మనమే ఎంచి ఇవ్వడం. ఒక చీరల దుకాణం వాళ్లు ఇదే జంట కావాలన్నారు. నీలం, నెమలికంఠం, చిలకపచ్చ, పసుపు అని నాలుగు స్టాప్‌లు (ఏ చోట ఏ రంగు రావాలో చెప్పే గుర్తులు) ఇచ్చాను. నెమలికంఠానికి 35%, చిలకపచ్చకు 70% పెట్టాను. పట్టు మీద వెలుగు పడ్డట్టు వచ్చింది, చూసినప్పుడల్లా సంతోషమే.

అంత ఓపిక లేకపోతే లీనియర్-గ్రేడియంట్ బ్రాకెట్‌లో మొదట 'ఇన్ ఓకేఎల్‌సీహెచ్' అని చేర్చండి (కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లోనే: in oklch). రంగును వెలుగు, గాఢత, వర్ణం లెక్కన కొలిచే పద్ధతి ఇది. అప్పుడు ఊరి నడుమ నుంచి కాకుండా బైపాస్ మీదుగా వెళ్లినట్టు, రంగు బూడిదను తాకకుండా వర్ణచక్రం చుట్టూ తిరిగి వెళ్తుంది. 2024 నాటికి క్రోమ్, సఫారీ, ఫైర్‌ఫాక్స్ మూడింట్లోనూ ఇది వచ్చేసింది. పాత ఫోన్ల కోసం మామూలు గ్రేడియంట్ పైలైన్‌లో, ఇది కిందిలైన్‌లో రాయండి. అర్థం కాని లైన్‌ను బ్రౌజర్ వదిలేస్తుంది. ఒక్కోసారి నడిమి రంగు మరీ గాఢంగా వస్తుంది, అందుకే నా ఓటు స్టాప్‌లకే.

ఇక రంగులు మళ్లీ మొదలవడం. బాడీకి (పేజీలో కనిపించే విషయమంతా ఉండే భాగం) ఇచ్చిన బ్యాక్‌గ్రౌండ్ తెరంతా పరుచుకుంటుంది కానీ, దాని కొలత బాడీని చుట్టి ఉండే హెచ్‌టీఎంఎల్ భాగం ఎత్తును బట్టి ఉంటుంది. పేజీలో విషయం తక్కువైతే ఆ కొంచెం ఎత్తుకే గ్రేడియంట్ పూర్తయి, మిగతా చోట మళ్లీ మళ్లీ పడుతుంది. బాడీకి మిన్-హైట్ 100వీహెచ్, అంటే కనీసం తెరంత ఎత్తు, ఇస్తే చాలు.

అక్షరాల సంగతీ చూసుకోండి, చాలామంది వదిలేసేది ఇదే. తెల్ల అక్షరాలు ఆ నీలం మీద 8.59:1 కాంట్రాస్ట్‌తో (అక్షరానికీ నేపథ్యానికీ వెలుగులో తేడా) చక్కగా కనిపిస్తాయి, పసుపు మీద 1.07:1కి పడిపోయి మాయమవుతాయి. చదవడానికి కనీసం 4.5:1 ఉండాలి. గ్రేడియంట్ రెండు చివరల్లోనూ విడిగా కొలవండి. పసుపు వైపు చాలకపోతే నేను అక్షరాల వెనక ముదురు నీలం పట్టీ వేస్తాను.