నానో చుక్కలు వాడితే హెపటైటిస్-బి మాత్ర మానేయొచ్చా?

ప్రశ్న: డాక్టర్‌గారూ, నాకు 38 ఏళ్లు. మాది కూకట్‌పల్లి. నాలుగేళ్ల కిందట రక్తదానానికి వెళ్తే హెపటైటిస్-బి ఉన్నట్టు బయటపడింది. అప్పటి నుంచి రోజూ టెనోఫోవిర్ మాత్ర వేసుకుంటున్నాను. మొన్నటి పరీక్షలో వైరల్ లోడ్ ‘నాట్ డిటెక్టెడ్’ అని వచ్చింది. తెలిసినాయన ఒకరు నానో సిల్వర్ చుక్కలు ఆర్నెల్లు వాడితే వైరస్ మొత్తం పోతుందని, మాత్రతో పనే ఉండదని చెబుతున్నారు. కోవిడ్ టీకాల్లో పెట్టింది నానో కణాలే కదా అంటున్నారు. నా భార్యకు ఇప్పుడు అయిదో నెల. ఆమెకు హెపటైటిస్-బి నెగెటివ్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: మాత్ర ఆపకండి. ఆ చుక్కలు మొదలుపెట్టకండి. ముందుగా ఈ రెండు మాటలూ గట్టిగా చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళ్తాను.

మీ రిపోర్టు చూసి సంతోషపడాల్సిందే. నాలుగేళ్లు క్రమం తప్పకుండా మాత్ర వేసుకున్నందుకు దక్కిన ఫలితమది. అయితే రక్తంలో వైరస్ కనిపించకపోవడం వేరు, కాలేయంలో లేకపోవడం వేరు. ఈ వైరస్ తన డీఎన్‌ఏను గుండ్రటి వలయంలా చుట్టి కాలేయ కణం కేంద్రకంలో దాచుకుంటుంది. టెనోఫోవిర్ కొత్త వైరస్‌లు తయారు కాకుండా ఆపుతుంది కానీ, ఆ వలయాన్ని తాకలేదు. మీ అంతట మీరే మాత్ర మానేస్తే వైరస్ మళ్లీ విజృంభించి కాలేయం ఒక్కసారిగా వాచిపోవచ్చు. కొందరిలో అది కాలేయం పూర్తిగా విఫలమయ్యేదాకా వెళ్తుంది. బాగానే ఉన్నాం కదా అని మందు మానేసి, కళ్లు పచ్చబడ్డాక పసరు వేయించుకుని, చివరికి ఐసీయూలో చేరేవాళ్లను చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. మీకా పరిస్థితి రాకూడదు.

ఇక మీ మిత్రుడి వాదన సంగతి. అందులో సగం నిజముంది. ఆ సగాన్ని కొట్టిపారేయను, ఎందుకంటే అది నిజంగా గొప్ప శాస్త్రం. శరీరంలో వాడేందుకు వీలుగా తయారుచేసిన పదార్థాలను బయోమెటీరియల్స్ అంటాం. వైరస్‌లపై పోరులో ఇవి చాలాకాలంగా మనకు తోడున్నాయి. హెపటైటిస్-బి టీకానే చూడండి. అందులో ఉండేది వైరస్ పైపొర ప్రొటీన్ మాత్రమే. ఈస్ట్ కణాల్లో తయారయ్యే ఆ ప్రొటీన్ తనంతట తానే సుమారు 22 నానోమీటర్ల గుండ్రటి కణంగా కూడుకుంటుంది. పొల్లు గింజ లాంటిదనుకోండి. పైకి వడ్లగింజే, లోపల బియ్యం ఉండదు, ఎన్నాళ్లు నానబెట్టినా మొలకెత్తదు. దాన్ని అల్యూమినియం లవణానికి అంటించి ఇస్తే మన రోగనిరోధక వ్యవస్థ మరింత బలంగా స్పందిస్తుంది. ఈ పద్ధతిలో దేశంలోనే తొలి హెపటైటిస్-బి టీకాను 1997లో తెచ్చింది మన హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. ఆ తర్వాతే ఈ టీకా సామాన్యులకు అందుబాటు ధరకు వచ్చింది.

కోవిడ్ టీకాల గురించి ఒక సవరణ. కొవ్వుతో చేసిన నానో కణాలు వాడింది ఫైజర్, మోడెర్నా ఎంఆర్‌ఎన్‌ఏ టీకాల్లో. మన దగ్గర ఎక్కువమంది వేయించుకున్న కోవిషీల్డ్, కోవాగ్జిన్‌లలో అవి లేవు. ఎంఆర్‌ఎన్‌ఏ అంటే ఫలానా ప్రొటీన్ తయారుచేయమని కణానికి చెప్పే సందేశం లాంటిది. అది చాలా సున్నితమైనది, విడిగా ఎక్కిస్తే ఒంట్లో ఇట్టే ముక్కలైపోతుంది. దాన్ని కాపాడి కణం లోపలికి చేర్చడమే ఆ కొవ్వు కణాల పని. అంతేగానీ అవి వైరస్‌ను చంపవు. మీ మిత్రుడు పొరబడింది ఇక్కడే. ‘నానో’ అని ఎవరు చెప్పినా రెండు ప్రశ్నలు అడగండి: అది దేన్ని మోసుకెళ్తోంది? ఎక్కడికి చేరుస్తోంది?

వెండి చుక్కల విషయంలో ఈ రెంటికీ జవాబు లేదు. వెండి నానో కణాలు ప్రయోగశాల గిన్నెలో కొన్ని వైరస్‌లను అడ్డుకున్న మాట నిజమే. కానీ చుక్కలు మింగితే వెండి వెతుక్కుంటూ వెళ్లి కాలేయ కణం కేంద్రకంలోని వలయాన్ని చెరిపేయదు. పైగా ఒంట్లో పేరుకుపోతుంది. నెలల తరబడి వాడితే చర్మం నీలిబూడిద రంగుకు మారొచ్చు, ఆ రంగు మళ్లీ పోదు. ఇలాంటి వెండి ద్రావణాలు సురక్షితమని గానీ, పనిచేస్తాయని గానీ గుర్తించలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే తేల్చింది.

మీ జబ్బుకు ఈ శాస్త్రం ఇచ్చిన మందు ఇప్పటికే ఒకటుంది: పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్. ఇంటర్‌ఫెరాన్ అంటే వైరస్‌లను ఎదుర్కోవడానికి మన ఒంట్లో సహజంగానే తయారయ్యే ప్రొటీన్. మందుగా ఇచ్చే మామూలు ఇంటర్‌ఫెరాన్‌ను వారానికి మూడుసార్లు పొడవాల్సి వచ్చేది. పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్‌ను దానికి జోడించడంతో ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తోంది, వారానికి ఒక్క ఇంజెక్షన్ చాలు. జ్వరం, నీరసం, దిగులు వంటి దుష్ప్రభావాలున్నాయి కాబట్టి అందరికీ ఇవ్వం. మాత్రతో చక్కగా అదుపులో ఉన్న మీకు ప్రస్తుతం దాని అవసరం కనిపించడం లేదు.

అసలు ఆశ కలిగించేది మరొకటి. రక్తంలోకి ఎక్కించిన కొవ్వు నానో కణాలు సహజంగానే ఎక్కువగా కాలేయానికి చేరతాయి. వీటి సాయంతో కాలేయానికి మందు చేర్చే చికిత్సకు 2018లోనే అనుమతి వచ్చింది, అయితే అది వైరస్ జబ్బుకు కాదు, ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధికి. అదే దారిలో జన్యువులను కత్తిరించే సాధనాలను పంపి హెపటైటిస్-బి డీఎన్‌ఏ వలయాన్నే ఛేదించే ప్రయత్నాలు మనుషుల్లో పరీక్షల దశకు వచ్చాయి. నా వృత్తిలో నేను ఎంతో ఆత్రంగా ఎదురుచూస్తున్న రోజు అదే. అది చేతికొచ్చే నాటికి మీ కాలేయం ఆరోగ్యంగా ఉండాలి. ఈ మాత్ర అందుకే.

ఆర్నెల్లకోసారి ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు పరీక్ష), వైరల్ లోడ్, పొట్ట అల్ట్రాసౌండ్ చేయించుకోండి. మద్యం జోలికి వెళ్లకండి. మందుల ఖర్చు భారమైతే 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు. గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో వాకబు చేయండి.

మీ భార్యకు యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష చేయించండి. ఈ వైరస్ నుంచి రక్షణ ఆమె ఒంట్లో ఉందో లేదో అది చెబుతుంది. రక్షణ లేదని తేలితే గర్భంతో ఉన్నా టీకా వేయించుకోవచ్చు. మొదటి డోసు తర్వాత నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. అప్పటిదాకా కండోమ్ వాడండి. రేజర్, టూత్‌బ్రష్, గోళ్ల కత్తెర వేరుగా పెట్టుకోండి. కలిసి భోంచేయడానికి, పిల్లల్ని ఎత్తుకోవడానికి ఏ భయమూ అక్కర్లేదు. ఆమె నెగెటివ్ అయినా సరే, బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా పడాలి. కాన్పు చేసే డాక్టర్‌కు ఈ మాట ఇప్పుడే చెప్పి ఉంచండి. ఒకవేళ ఆ చుక్కలు ఇప్పటికే కొన్నాళ్లు వాడి ఉంటే మొహమాటపడకుండా సీసాతో సహా మీ డాక్టర్‌కు చూపించండి.