నీటి సంఘం అధ్యక్షుడైన మా మేనల్లుడికి

అల్లుడూ,

డిసెంబరు ఎన్నికల్లో నిన్ను నీటి సంఘం అధ్యక్షుణ్ణి చేశారని అక్క ఫోన్ చేసి చెప్పింది, చెప్తూ చెప్తూ ఏడ్చేసింది కూడా. నాకూ చాలా సంతోషంగా ఉంది. 1997లో కాలువల నిర్వహణ రైతులకి అప్పగించే చట్టం వచ్చి ఈ సంఘాలకి మొదటిసారి ఎన్నికలు పెట్టినప్పుడు ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను కాబట్టి కొన్ని మాటలు చెప్తాను, దండలూ శాలువాలూ అయ్యాక తీరిగ్గా చదువు, కానీ సంక్రాంతి దాటనివ్వకు.

ముందు గట్టు మొత్తం నడువు. బండి మీద వెళ్తే ఏమీ కనపడదు. లాకుల దగ్గర మొదలుపెట్టి శివారు చివరి పొలాలకి నీళ్ళిచ్చే బోదె దాకా నడువు, కాలువ నీళ్ళు చూసే లస్కర్‌ని వెంట తీసుకెళ్ళు, ప్రతి తూము దగ్గరా ఆగి షట్టరు నీ చేత్తో తిప్పి చూడు. తిరక్కపోతే తుప్పా, చెత్త అడ్డం పడిందా, మర అరిగిపోయిందా అని అక్కడికక్కడే పుస్తకంలో రాసుకో. 2021లో పులిచింతల 16వ గేటు కొట్టుకుపోయింది, 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి పదుల టీఎంసీల నీళ్ళు కళ్ళముందే నదిలోకి పోయాయి. అంత పెద్ద డ్యాములకే ఒక్క గేటుతో ఆ గతి పట్టింది. మన తూములకి ఏడాదికోసారి గ్రీజు పెట్టించడానికి ఎంత అవుతుంది చెప్పు?

గట్టు సంగతి నీకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను అది భయపడి నేర్చుకున్నాను. నా హయాంలో ఒక ఆగస్టులో, వాన ఆగకుండా కురుస్తోంది, రాత్రి రెండింటికి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చి గట్టుకి పొలం వైపు, కొబ్బరిచెట్టు మొదట్లో నీళ్ళు ఊరుతున్నాయన్నాడు. టార్చి వేసి చూస్తే అరచేయంత చోట నీళ్ళు అన్నం ఉడికినట్టు కుతకుతమంటూ పైకొస్తున్నాయి. తేటగానే ఉన్నాయి కదా, ఫర్వాలేదులే అనుకున్నాం. పావుగంటలో టీ రంగుకి వచ్చేశాయి. అలా రంగు మారిందంటే గట్టు కడుపులో మట్టి బయటికి వచ్చేస్తోందన్నమాట. గాభరాలో ఇసుక బస్తాలు తెచ్చి సరిగ్గా ఆ బుంగ మీదే పడేశాం, అక్కడ మూసుకుంది గానీ బారెడు అవతల ఇంకోటి లేచింది. అప్పుడొచ్చాడు పాత లస్కర్ ఒకాయన, మమ్మల్ని నాలుగు తిట్టి, బస్తాలన్నీ తీయించి, బుంగ చుట్టూ బావి ఒరలాగా గుండ్రంగా పేర్పించాడు. లోపల నీళ్ళు నడుమెత్తు నిలబడేసరికి ఊట ఉధృతి తగ్గింది, తెల్లారేసరికి మళ్ళీ తేటపడ్డాయి. నీళ్ళు కారితే కారనివ్వండయ్యా, మట్టి మాత్రం పోనివ్వకండి అన్నాడాయన. తర్వాత వేసవిలో తవ్వి చూస్తే ఎండ్రకాయ బొరియ. ముందే చూసుకుని ఉంటే ఒక ట్రాక్టరు మట్టితో సరిపోయేది. అందుకే జూన్ లోపు ఖాళీ బస్తాలు, ఇసుక, సరుగుడు బాదులు, రెండు మంచి టార్చిలైట్లు గట్టు దగ్గరి ఇంట్లో పెట్టించు, వరదొచ్చాక కొందామంటే దొరకవు.

ఇక డబ్బు. నీటి తీరువా, అంటే కాలువ నీళ్ళకి కట్టే పన్ను, తరి (మాగాణి) మొదటి పంటకి ఎకరాకి 200 రూపాయలు చేసింది మేం సంఘాల్లోకి వచ్చిన రోజుల్లో. రెండు వేల ఎకరాల ఆయకట్టు ఉంటే అంతా వసూలైనా నాలుగు లక్షలు, అదీ మొత్తం నీ చేతికి రాదు. కాబట్టి ఇరిగేషన్, రెవెన్యూ, వ్యవసాయ శాఖల వాళ్ళు కలిసి ఎంత పొలం తడిసిందో లెక్క తీసే ఆయకట్టు అజమాయిషీకి వచ్చినప్పుడు నువ్వు తప్పకుండా పక్కన ఉండు, తడిసిన పొలం లెక్కలోకి రాకపోతే తీరువా పడదు, తీరువా పడకపోతే మన వాటా తగ్గుతుంది. మిగతాది నిర్వహణ పనుల కింద ప్రభుత్వం నుంచి రావాలి, దానికి అంచనాలు ఉగాది లోపు ఆఫీసుకి చేరాలి, ఆలస్యమైతే కాలువ కట్టేసిన రోజులన్నీ కాగితాల మీద పోయి, నీళ్ళు వదిలే ముందు వారం పొక్లెయిన్ వస్తుంది. పంట బోదెల పూడిక ఉపాధి హామీలో పెట్టించు, అక్కడ యంత్రాలు పెట్టకూడదు, మనుషులతోనే చేయించాలి. గట్టు బాగా బలహీనంగా ఉన్న చోటుకి మాత్రం ఇవేవీ చాలవు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతం ముందస్తు నివారణకి విడిగా పెట్టమంది, కలెక్టరు గారి దగ్గరికి ఫొటోలతో వెళ్ళి ఆ పద్దులో అడుగు. గండి పడ్డాక మంత్రులొస్తారు, డబ్బూ వస్తుంది, కానీ ఆ డబ్బు పోయిన నారుమడిని తిరిగి తేదు కదా.

పూడిక పనిలో మోసం ఎక్కడ జరుగుతుందో చెప్తాను. తవ్వకముందు కాలువ అడుగు మట్టాలు కొలవకుండా పని మొదలుపెడతారు, గుర్రపుడెక్క పైపైన లాగేస్తారు, నీళ్ళు వదిలాక ఎంత తవ్వారో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. నా దగ్గర ఒక కాంట్రాక్టరు అలాగే చేశాడు, బిల్లు మీద నేను సంతకం పెట్టాను, ఆ ఏడు శివారు వాళ్ళకి నీళ్ళు అందలేదు. అది నా తప్పే. తవ్వకముందు, తవ్వాక కొలతలు రైతులందరి ముందు తీయించు, వచ్చిందెంత, ఖర్చయిందెంత రామాలయం గోడ మీద రాయించు. అడగడానికి ఎవరూ రాకపోయినా రాయించు.

విజయవాడలో బుడమేరు వరద నువ్వు కళ్ళారా చూశావు. 2024 సెప్టెంబరు 1న ఆ ఏటి నీళ్ళని కృష్ణలోకి మళ్ళించే డైవర్షన్ కాలువ ఎడమ గట్టుకి మూడు గండ్లు పడి సింగ్‌నగర్ మునిగిపోయింది, పూడ్చడానికి మిలిటరీ వాళ్ళు కూడా రావాల్సి వచ్చింది. అటు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద, కృష్ణ అంత నిండుగా ఉంటే కాలువ నీళ్ళు ఎక్కడికి పోతాయి? పైగా ఏరు పారాల్సిన చోట ఇళ్ళు. మీ పిన్ని వాళ్ళు రెండు రోజులు డాబా మీదే ఉన్నారు, నాకు ఇప్పటికీ తలుచుకుంటే గుండె దడ వస్తుంది. అందుకని మన డ్రెయిను మీద ఆక్రమణలు తీయించాలి, అది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే అవి మనవాళ్ళవే. మీ పెదనాన్న పశువుల పాక గట్టు మీదే ఉంది. ముందు అది తీయించు, నేను ఆయనతో మాట్లాడతాను. అది తీయకుండా రెండో వాడి పాక దగ్గరికి వెళ్ళకు.

శివరాత్రికి నేను వస్తున్నాను. మర్నాడు పొద్దున్నే ఆరింటికి లాకుల దగ్గర ఉండు, నీ పుస్తకం తెచ్చుకో, కొబ్బరిచెట్టు చోటు చూపిస్తాను. లస్కర్‌కి జీతం నెలనెలా వస్తోందో లేదో ఈలోపు కనుక్కుని ఉంచు.

మీ మామయ్య